ఓడని తిట్టిన కామాక్షయ్య

తోటపల్లి గూడూరు ఐసు ఫ్యాక్టరీ కామాక్షయ్య గారికి మనుషుల మీద కోపం రాదు. వస్తువుల మీద వస్తుంది. కరెంటు పోతే లైన్‌మన్‌ని పల్లెత్తు మాట అనరు. చొక్కా చేతులు మడుచుకుంటూ వెళ్ళి స్తంభాన్ని తిడతారు. చెప్పు తెగితే ఆ చెప్పుని అరుగు మీద ఎదురుగా పెట్టుకుని, కొన్ననాటి నుంచీ అది చేసిన నేరాలన్నీ ఏకరువు పెడతారు. ముప్పయ్యేళ్ళుగా ఐసు అమ్మిన మనిషి. ఆ వ్యాపారంలో ఆలస్యమైతే చేతికి మిగిలేది నీళ్ళు. అందుకని ఆలస్యం చేసే వస్తువు ఏదైనా సరే, ఆయనకి పగవాడి కింద లెక్క.

నెల్లూరులో కార్ల షోరూములో పనిచేసే రోజారమణికి ఈ సంగతి మొదట్లో తెలీదు. తెలిస్తే ఆయనకి ఓడ పేరు చెప్పేదే కాదు.

ఆయన బుక్ చేసింది ఎలక్ట్రిక్ కారు. విదేశంలో తయారై, ఓడెక్కి చెన్నై రేవుకొచ్చి, అక్కణ్ణుంచి లారీ మీద నెల్లూరు చేరాలి. ఎనిమిది వారాలు పడుతుందని రోజారమణి చెప్పింది. తొమ్మిదో వారం మొదటి రోజున ఆయన ఫోన్ చేసి, కారు ఏ ఓడలో ఉందని అడిగారు. పేరు చెబితే పోయేదేముందిలే అనుకుని, 'ఓషన్ గ్రేస్' అని చెప్పేసింది. సాయంత్రానికల్లా ఆయన ఓడలు ఎక్కడెక్కడున్నాయో చూపించే యాప్ ఒకటి ఫోన్లో వేయించుకున్నారు. సముద్రమంతా నీలం, ఓడలన్నీ చిన్న చిన్న బాణం గుర్తులు. అందులో ఒక పచ్చ బాణాన్ని పట్టుకుని ఆయన దానికి గ్రేసమ్మ అని పేరు పెట్టారు.

ఆ మర్నాటి నుంచీ పొద్దున తొమ్మిదీ అయిదుకి షోరూములో ఫోను మోగేది.

"అమ్మణ్ణీ, గ్రేసమ్మ శ్రీలంక పక్కన నిలబడుండాది. ఏం జేస్తా ఉండాది ఆడ?"

రేవులో చోటు దొరక్క ఆగి ఉంటుందని రోజారమణి నెమ్మదిగా చెప్పేది. ఆయన వినేవారు కాదు. గ్రేసమ్మకి ఒళ్ళు బరువెక్కిందనీ, కాళ్ళు చచ్చుపడ్డాయనీ, మా కాలవలో పీతని వదిలితే ఈపాటికి చెన్నై చేరి తిరిగొచ్చేదనీ పావుగంట ఏకధాటిగా తిట్టేవారు. ఆఖర్న మాత్రం, "నిన్ను కాదులే అమ్మణ్ణీ, నువ్వు మంచిదానివి" అని పెట్టేసేవారు.

వచ్చిన చిక్కల్లా అదే. తననే తిడితే ఎదురు సమాధానమైనా చెప్పొచ్చు. తిట్టేది ఓడని, వినేది తను. ఓడ తరఫున ఏమని వాదిస్తుంది? ఆరు రోజులు ఆ ఓడ కదల్లేదు. ఆరు రోజులూ రోజారమణి చెవి వేడెక్కింది. ఆ ఆదివారం ఇంట్లో కుక్కర్ విజిల్ వెయ్యకపోతే దానికి బుద్ధీ జ్ఞానం లేవని అయిదు నిమిషాలు తిట్టింది. వాళ్ళమ్మ పొయ్యి దగ్గర నుంచి జరిగి నిలబడి, ఆఫీసులో అంతా బాగానే ఉందా అని అడిగింది.

ఏడో రోజున గ్రేసమ్మ కదిలింది. కదిలి చెన్నై దాకా వచ్చింది. వచ్చి, ఆగకుండా వెళ్ళిపోయింది. చెన్నైలో ఇంకా చోటు లేదట, ముందు విశాఖపట్నంలో దించాల్సినవి దించి తిరిగొస్తుందట. ఈ కబురు ఆయనకి ఎలా చెప్పాలా అని రోజారమణి ఆలోచిస్తూ ఉండగానే ఫోను మోగింది. అవతల గాలి హోరు, అలల చప్పుడు.

ఆయన కోడూరు సముద్రం ఒడ్డున ఉన్నారు.

"అదుగో అమ్మణ్ణీ. మన ఊరి ముందర్నించే పోతాండాది. నా కారుని కడుపులో పెట్టుకుని, నా కళ్ళ ముందరే పోతాండాది. ఫోను స్పీకర్లో పెట్టు. మీ మేనేజరు కూడా వినాల."

తన ఖర్మ అనుకుని పెట్టింది. కామాక్షయ్య గారు మోకాటి లోతు నీళ్ళల్లో నిలబడి, ఆకాశమూ నీళ్ళూ కలిసేచోట అగ్గిపెట్టెలా కనిపిస్తున్న ఓడని తిట్టడం మొదలుపెట్టారు. అక్కడ వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు లేచొచ్చి ఎవర్నని అడగడం, ఆయన చూపించడం, వాళ్ళు కళ్ళ మీద చెయ్యి పెట్టుకుని వెతకడం, ఎవరో తువ్వాలు ఊపుతూ ఆగమని కేకెయ్యడం, ఆ గోలంతా షోరూములో వినిపించింది. అప్పుడే కారు చూడ్డానికి కావలి నుంచి వచ్చిన ఒక కుటుంబం సోఫాలోంచి లేచి, మళ్ళీ వస్తామని చెప్పి మెట్లు దిగేసింది.

మేనేజరు సుకుమార్ రోజారమణిని గదిలోకి పిలిచాడు. ఆ పెద్దమనిషి శాంతించాలి, లేదా బుకింగ్ రద్దు చేసుకోవాలి, రెండిట్లో ఏదో ఒకటి రేపటికల్లా తేల్చమన్నాడు. ఇన్నాళ్ళ కోపం ఒక్కసారిగా తన్నుకొచ్చింది రోజారమణికి. రద్దు కాగితం తీసి బ్యాగులో పెట్టుకుంది. రేపు ఆయన మొహం మీదే అడుగుతాను, కారు కావాలా తిట్టుకోడానికి ఓడ కావాలా అని మనసులో నాలుగుసార్లు అనుకుంది.

మర్నాడు బుధవారం. పొద్దున ఏడింటికల్లా స్కూటీ మీద తోటపల్లి గూడూరు చేరింది. ఆయన ఫ్యాక్టరీలో లేరు. చేపల చెంచమ్మ ఇంటికి వెళ్ళారనీ, సోమ, బుధ, శుక్రవారాలు ఈ వేళకి అక్కడే ఉంటారనీ గేటు దగ్గర చెప్పారు. చూపించిన సందులోకి తిరిగేసరికి ఆయన గొంతే దారి చెప్పింది.

ఒక రేకుల ఇంటి ముందు డీజిల్ ఆటో పొగ కక్కుతూ నిలబడి ఉంది. కామాక్షయ్య గారు దాని సైలెన్సర్ ముందు గొంతుక్కూర్చుని దాన్ని తిడుతున్నారు. చేతిలో చిన్న ప్లాస్టిక్ బకెట్టు. ఇంట్లోంచి, మనిషిలో సగం కూడా లేనట్టున్న ఒకావిడ గోడ పట్టుకుని బయటికొచ్చింది. ముక్కుకి నిమ్మకాయ అడ్డం పెట్టుకుని ఉంది. ఆటో ఎక్కకముందే, ఆ పొగ వాసనకే ఆమె వంగిపోయింది. ఆయన ఒక్క అంగలో వెళ్ళి బకెట్టు పట్టారు. రెండో చేత్తో ఆమె నుదురు పట్టుకున్నారు. ఆటోని తిడుతున్న తిట్టు సగంలోనే వదిలేశారు.

ఆయన రోజారమణిని చూసి ఉలిక్కిపడ్డారు. కారు వచ్చిందా అని అడిగారు. రాలేదంది. అయితే ఆటోకి నీళ్ళు తెస్తానంటూ అవసరం లేని పని మీద పక్కకి వెళ్ళిపోయారు.

అసలు సంగతి చెంచమ్మ చెప్పింది. కిడ్నీలు పాడై ఏడాదైంది. వారానికి మూడుసార్లు నెల్లూరు పోయి రక్తం శుద్ధి చేయించుకోవాలి. ఆటోలోనైనా, కామాక్షయ్య గారి పాత జీపులోనైనా, ఊరి పొలిమేర దాటకముందే వాంతులు. ఆసుపత్రి చేరేసరికి మనిషి గుడ్డపేలికైపోతుంది. పోయిన నెలలో, ఈ ప్రయాణం పడలేక రెండుసార్లు పోవడమే మానేసింది.

"మా అన్న ఆరోజు వచ్చి నా కిడ్నీల్ని తిట్టినాడమ్మా. సందంతా వినింది. తర్వాత ఎవురో చెప్పినారంట, కరెంటు కారుకి పొగుండదు, కుదుపుండదు అని. మీ షాపుకొచ్చి వెనక సీట్లో కండ్లు మూసుకుని పడుకుని, వాసన చూసి, బుక్ చేసొచ్చినాడు."

మీకు ఆయన ఏమవుతారు పెద్దమ్మా అని రోజారమణి అడిగింది.

"ఏమీ కాడు. ముప్పయ్యేండ్లు ఆయన దగ్గిర ఐసు కొన్న్యా. రోజూ నా గంపని తిట్టేవోడు, కారతా ఉండాదని. నేను ఐసుతో పోయేలోపల దానికి అడుగు మార్పించి పెట్టేవోడు."

కామాక్షయ్య గారు తిరిగొచ్చాక రోజారమణి అడిగేసింది, ఈ మాట మొదటే ఎందుకు చెప్పలేదని. ఆయన ఆటో వైపు చూస్తూ, కారు తన సరదాకి కొనుక్కుంటున్నాననీ, ఈ వయసులో ఒకటి ఉంటే బాగుంటుందనీ ఏదో నసిగారు. బ్యాగులో ఉన్న కాగితాన్ని రోజారమణి బయటికి తియ్యలేదు. ఆటో వెనకే స్కూటీ మీద నెల్లూరు దాకా వచ్చింది. దారిలో అది మూడుసార్లు ఆగడం చూసింది.

తిన్నగా సుకుమార్ గదికి వెళ్ళింది. ఈసారి కోపం కుక్కర్ మీద కాదు, ఓడ మీదా కాదు. షోరూము ముందు ఎండలో ఖాళీగా నిలబడి ఉన్న డెమో కారు కావాలంది. అది కొనేవాళ్ళు నడిపి చూడ్డానికే గానీ ఆసుపత్రులకి తిప్పడానికి కాదని అతనన్నాడు.

"ఆ కార్లో కూర్చోబోయేది ఆమె సార్. ఆమె చూసుకోవద్దా? ఒక్కసారి ఎక్కితే ఏం తెలుస్తుంది? వారానికి మూడుసార్లు ఎక్కనియ్యండి. మనం చెప్పిన రోజుకి కారిచ్చుంటే ఈ మాట నేను అడిగేదాన్ని కాదు."

సుకుమార్ ఆమె మొహం చూశాడు. టేబుల్ మీద పేపర్‌వెయిట్‌ని కూడా చూసి, దాన్ని కొంచెం తన వైపుకి జరుపుకున్నాడు. తర్వాత తాళాలు ఇచ్చాడు.

అలా చేపల చెంచమ్మ ఎలక్ట్రిక్ కారుని పదకొండుసార్లు పరీక్షించింది. ప్రతిసారీ ఒక ఫారం నింపాలి. కారులో మీకు బాగా నచ్చిన విషయం ఏమిటి అన్నచోట ఆమె చెప్పింది చెప్పినట్టు 'వాంతి కాలేదు' అని రోజారమణి రాసింది. పదకొండు ఫారాల్లోనూ అదే మాట. అది మెప్పా ఫిర్యాదా తేల్చుకోలేక హెడ్డాఫీసు వాళ్ళు ఫోన్ చేశారు.

గ్రేసమ్మ విశాఖ నుంచి తాపీగా వెనక్కి తిరిగి, చెన్నైలో కార్లు దించింది. దించిన రోజున కామాక్షయ్య గారు ఫోన్ చేసి, ఆ ఓడకి ఇంక ఈ జన్మలో తన మొహం చూపించొద్దని చెప్పమన్నారు. చెబుతానంది రోజారమణి.

కారు ఒక బుధవారం వచ్చింది. పూలదండా, కొబ్బరికాయా అన్నీ అయ్యాక ఆయన నేరుగా ఆసుపత్రికే నడిపారు. మీటలు ఏవేమిటో చెప్పడానికి రోజారమణి ముందు సీట్లో కూర్చుంది. మధ్యాహ్నం రెండింటికి, పొద్దున డెమో కార్లో వచ్చి దిగిన చెంచమ్మని ఎక్కించుకుని ఊరిదారి పట్టారు. నెల్లూరు దాటగానే వెనక సీట్లో ఆమె కళ్ళు మూతపడ్డాయి. కామాక్షయ్య గారు ఏసీని కోప్పడబోయి, అద్దంలో చూసి, మింగేశారు.

చేల మధ్య మలుపు తిరిగేసరికి రోడ్డుకి అడ్డంగా ఒక గేదె నిలబడి ఉంది. ఆయన చెయ్యి హారన్ మీదికి వెళ్ళింది. అద్దంలోకి ఇంకోసారి చూసి ఆ చెయ్యి వెనక్కి తీసుకున్నారు. మెల్లగా దిగి, తలుపుని రెండు చేతులతో చప్పుడు కాకుండా వేశారు. గేదె దగ్గరికి నడిచి, దాని చెవి దగ్గర వంగి, వేలు చూపిస్తూ చాలాసేపు తిట్టారు. పెదవులు కదలడమే గానీ మాట బయటికి రాలేదు. మెడ నరాలు మాత్రం ఉబ్బాయి. గేదె నెమరేస్తూ అంతా విన్నది. కదల్లేదు.

ఆయన తిరిగొచ్చి కూర్చుని, గుసగుసగా అన్నారు: "చెప్పినాను. పోతాది."

వెనక సీట్లోంచి, కళ్ళు తెరవకుండానే చెంచమ్మ అంది: "ఇంకొంచెం గట్టిగా చెప్పాల్సిందన్నా. దానికి వినపడినట్టు లేదు."