‘తింటాను’ అన్నది ఎవరు?

దయ్యాలంటే నాకు నవ్వు. హాస్టల్లో అమ్మాయిలు అలాంటి కథలు చెప్పుకుంటుంటే దుప్పటి ముసుగేసి హాయిగా నిద్రపోయే రకాన్ని. అయినా ఆ సాయంత్రం సంగతి మాత్రం చెప్పక తప్పదు.

అప్పుడు అమీర్‌పేటలో కోర్సు చేస్తూ మధురానగర్‌ హాస్టల్లో ఉండేదాన్ని. రాత్రికి ఎంతమందికి వండాలో తెలియక మా హాస్టల్ ఆంటీ రోజూ విసుక్కునేది. పేరు కొట్టి ‘తింటాను’ అని నొక్కితే లెక్క తేలిపోయే వెబ్‌సైట్ చేసిపెడతానని గొప్పగా మాటిచ్చాను.

ఆ రోజు నా రూమ్మేట్ శ్రావణి పంజాగుట్టలో ఇంటర్వ్యూకి వెళ్లింది. ఉద్యోగం రాలేదనీ, ఏడుస్తూ బయటికి వచ్చిందనీ అదే ఇంటర్వ్యూకి వెళ్లిన ఇంకో అమ్మాయి చెప్పింది. అప్పటినుంచి ఫోన్ స్విచాఫ్. “ఈసారి రాకపోతే ఇగ నా మొఖం ఎవ్వరికీ చూపియ్య” అని ముందురోజే అంది. ఆ మాటకు భయపడి హాస్టల్ అమ్మాయిలం బేగంపేట దాకా వెతికొచ్చాం. కూర్చోలేక, నిలబడలేక, చేతులకు ఏదో పని ఉండాలని లాప్‌టాప్ తెరిచాను.

వెబ్‌సైట్‌నూ దానికి కావలసిన సరంజామానూ ఒకే డబ్బాలో సర్దినట్టు కంటైనర్‌లో పెట్టి, నెట్‌లో అద్దెకు తీసుకున్న వర్చువల్ మెషీన్ అనే కంప్యూటర్ మీదికి ఎక్కించాను. బయటివాళ్లకు కనిపించాలంటే పోర్టు అనే తలుపు తెరవాలి. అది ఇంకా మూసే ఉంది. అడ్రస్ కూడా ఎవరికీ చెప్పలేదు. మెషీన్ లోపలినుంచే లెక్క చూశాను. సున్నా రావాలి. ఒకటి వచ్చింది.

శ్రావణి. తింటాను.

ఇంగ్లిష్‌లో రాసిన పేరు చివర రెండు ‘ఐ’లు. న్యూమరాలజీ ప్రకారం కలిసొస్తుందని వాళ్ల నాన్న పెట్టించినవి. పరీక్షించడానికి నేను కొట్టేవన్నీ నోరు తిరగని పిచ్చి పేర్లే.

వెంటనే ఆ కంటైనర్‌ను తీసేశాను. డేటా దాని లోపలే ఉంటుంది కాబట్టి దాంతోపాటే పోవాలి. కొత్తది ఎక్కించాను. మళ్లీ ఒకటి. అదే పేరు, అవే రెండు ‘ఐ’లు.

పరిగెత్తుకెళ్లి శ్రావణికి అన్నం తీసిపెట్టమని ఆంటీతో చెప్పాను.

“ఫోన్ చేసిందా? ఏమన్నది బిడ్డా?” అంటూ ఆంటీ నా చెయ్యి పట్టుకుంది.

“తింటానంది.” అంతే అన్నాను.

గిన్నెలు కడిగే వేళకు వచ్చింది శ్రావణి. కళ్లు ఉబ్బిపోయి ఉన్నాయి. మూతపెట్టిన ప్లేటు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

“నేనొస్తనని ఎవరు చెప్పిన్రు? బయటికి రాంగనే ఫోన్ బంద్ చేసిన. అసలు రావద్దనే అనుకున్న. మెట్రో మెట్ల కాడ కూసున్నప్పుడు, ఆంటీ నాకు అన్నం ఉంచుతదా అని ఒక్కసారి అనుకున్న. గంతే.”

“ముందు తిను,” అంది ఆంటీ. నాకు ఏడుపు ఆగలేదు.

ఆమె తిన్నాక మళ్లీ లెక్క చూశాను. సున్నా. కోర్సు చెప్పే సార్‌ని అడిగితే పాత డేటా మిగిలి ఉంటుందని తేల్చేశారు. ఆ పేరు నేనెప్పుడూ కొట్టలేదన్నా వినలేదు. నాకూ ఈ రోజు వరకు వేరే జవాబు దొరకలేదు.

ఇప్పుడు ఇలా వెబ్‌సైట్లు ఎక్కించడమే నా ఉద్యోగం. కొత్త కంటైనర్ ఎక్కించిన ప్రతిసారీ, పోర్టు తెరిచే ముందు ఒకసారి లోపలికి చూస్తాను. సున్నా కనిపిస్తే ఊపిరి పీల్చుకుంటాను. అందరూ ఇల్లు చేరారనుకుంటాను.