బెథియా కూర్చున్న విందు

ఇప్పుడు మా మేసన్ల హాల్లో విందంటే ఊరి బయటి నుంచి వ్యాను వస్తుంది. మూతలు పెట్టిన రేకు గిన్నెలు దింపి వెళ్ళిపోతారు. ఆ చారు తాగినవాళ్ళెవరూ రెండో గరిటె అడగరు. బెథియా ఇమ్రీ బతికి ఉంటే ఆ వ్యానువాడి చెవి మెలిపెట్టి వెనక్కి పంపేది.

మా కిల్‌బ్రాన్ గని ఊళ్ళో మేసన్లంటే మగవాళ్ళ రహస్య సంఘం; వాళ్ళ హాలున్న లాడ్జి మూడంతస్తులు. పై అంతస్తులో తలుపు మూసుకుని మగవాళ్ళు ఏం చేస్తారో మాకు తెలియదు. తెలుసుకోవాలని నాకు ఏనాడూ లేదు. ఏప్రన్లు కట్టుకుని నిలబడతారట. ఏప్రన్ కట్టుకోవడమే గొప్పయితే నేను బడి మానేసిన రోజు నుంచీ మేసన్నే. మీటింగు ముగిశాక నడిమి అంతస్తులో భోజనాల హాలు. దాని కింద నేలమాళిగలో వంటిల్లు, అందులో బెథియా, నేను.

ఆ వంటిల్లు బెథియాకు అత్తగారి నుంచి వచ్చింది. కొత్త కోడలిగా బంగాళదుంపలు చెక్కడానికి దిగింది, ముసలిదయ్యేదాకా పైకి రాలేదు. గొర్రెమాంసం, బార్లీ వేసి ఆమె కాచిన చారు తాగి గని మనుషుల చెవులు ఎర్రబడేవి. ఆమె డంప్లింగ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. ఎండుద్రాక్ష, కొవ్వు, పిండి కలిపిన ముద్దను గుడ్డలో మూటకట్టి పొద్దుటి నుంచీ ఉడికించేది. తరువాత పొయ్యి ముందు పెట్టి, పైన గోధుమరంగు తోలు కట్టేదాకా ఆరబెట్టేది. మూట విప్పేటప్పుడు నన్ను ఊపిరి కూడా తీయనిచ్చేది కాదు. పైన మగవాళ్ళు టోస్టని పేరు పెట్టి ఒకరి ఆరోగ్యం కోరి ఒకరు తాగుతూ, మందపాటి అడుగున్న గ్లాసులు బల్లమీద ఒక్కసారిగా కొట్టేవారు. మా పైకప్పు సున్నం రాలేది. "మూత పెట్టవే మైసీ, వీళ్ళ స్నేహమంతా చారులో పడుతోంది," అనేది బెథియా.

ఆమె మొగుడు ఆర్చీ గనిలో వడ్రంగి. నోట్లో నాలుక లేని మనిషి. లాడ్జిలో ఏడాదికో పదవి, ఏడాదికో కుర్చీ చొప్పున మెల్లగా జరుగుతూ జరుగుతూ, యుద్ధం అయిపోయిన కొన్నాళ్ళకు లాడ్జికే పెద్ద, అంటే మాస్టరయ్యాడు.

మాస్టరైతే ఆడవాళ్ళ విందు వస్తుంది. ఏడాదికొక్క సాయంత్రం భార్యలు కూడా పైకి వెళ్ళి తింటారు. ఆ రోజు మాస్టరు భార్యే మహారాణి. ఆమె లోపలికి నడిచి వస్తుంటే అందరూ లేచి, అడుగు అడుగుకీ చప్పట్లు కొడతారు. ఆమె చెంచా ఎత్తేదాకా ఎవరూ చెంచా ముట్టరు. మాంసం తిన్నాక, డంప్లింగ్ రాకముందు, మగవాళ్ళంతా లేచి భార్యల వైపు తిరిగి పాట పాడతారు. ఆ పాట నడుస్తుండగా వంటింటి ఆడవాళ్ళం వెళ్ళి ఎంగిలి కంచాలు తీసేవాళ్ళం. అప్పుడైతే మమ్మల్ని ఎవరూ చూడరు. బెథియా ఎన్నేళ్ళుగానో ఆ పాట విన్నది చేతుల్లో కంచాలతోనే.

ఆర్చీ మాస్టరైన ఏడు, ఆ విందుకు ముందు, లాడ్జి సెక్రటరీ లోరిమర్ గారు వంటింట్లోకి దిగి వచ్చారు. బ్యాంకులో పెద్ద ఉద్యోగం, చేతిలో టోపీ.

"మిసెస్ ఇమ్రీ, వంట ఎప్పట్లాగే మీరు చూస్తారుగా? పాట టైముకి ఏప్రన్ విప్పేసి పైకొచ్చి కూర్చుంటే సరిపోతుంది. మీ చేతి డంప్లింగ్ లేకపోతే మావాళ్ళు ఊరుకోరు."

"మీ ఆవిడ మాస్టరు భార్యగా కూర్చున్న ఏడాది చారు ఎవరు కాచారు సార్?"

"మీరే కదా."

"ఆవిడా పాట టైముకే వచ్చిందా?"

లోరిమర్ గారు టోపీ లోపల ఏదో రాసి ఉన్నట్టు చూసుకున్నారు. వెనకే వచ్చిన ఆర్చీ, "పోనీలే బెథియా..." అని నసిగాడు.

"నువ్వూరుకో. ఆ కుర్చీ కోసం నువ్వెన్నాళ్ళు చూశావో నేనూ అన్నాళ్ళూ చూశా. ప్రార్థన దగ్గర్నుంచి చివరి టోస్టు దాకా కూర్చుంటా. మధ్యలో లేవను. మిగతా ఆడవాళ్ళలాగే."

"మరి వంట?" అన్నారు లోరిమర్ గారు.

"మైసీ చేస్తుంది."

"నేనా?" అన్నాను.

"నువ్వే. ఇన్నాళ్ళూ నోరే ఆడించావు, ఇప్పుడు చెయ్యి కూడా ఆడించు."

మాట ఊరంతా పాకింది. మాంసం కొట్టు దగ్గర మిసెస్ లోరిమర్ అందరికీ వినపడేలా అంది: "లేవకుండా కూర్చుంటుందా? చూస్తూ ఉండండి, వంటింటికి పరిగెత్తకపోతే నా పేరు మార్చుకుంటా."

ఆ సాయంత్రం బెథియా నీలం గౌను వేసుకుంది. చేతులు ఎంత రుద్దిందో, ఉల్లివాసన పోయి సబ్బువాసన మిగిలింది. చప్పట్ల మధ్య లోపలికి వచ్చి, కుర్చీ విరుగుతుందేమో అన్నట్టు అంచున కూర్చుంది. ఆమె వెనకే మా మెట్ల తలుపు. నేను దాన్ని ఓరగా తెరిచి చూస్తున్నాను.

ముందు చారు వచ్చింది. అందరి చూపూ ఆమె చెంచా మీదే. ఒక గుటక మింగింది. ఆమె వీపు బిగిసింది. ఉప్పు మరిచాను! ఆమె తల తలుపు వైపు సగం తిరిగి, ఆగింది. మెల్లగా ఉప్పు డబ్బీ దగ్గరకు లాక్కుని చల్లుకుంది. పక్కనున్న లోరిమర్ గారికి అందించింది. ఆయన అవతలివాళ్ళకిచ్చారు. అలా డబ్బీ బల్ల చుట్టూ తిరిగింది. ఆమె మాత్రం కదల్లేదు.

మాంసం బాగానే కుదిరింది. నా సంగతి నేనే చెప్పుకోవాలి, ఎవరు చెబుతారు?

తరువాత మగవాళ్ళు లేచారు. పాట మొదలైంది. కంచాలు తీయడానికి వెళ్ళాల్సిన నేను తలుపు దగ్గరే నిలబడి చూస్తున్నాను. ఆర్చీ ఆమె వైపు తిరిగి పాడుతున్నాడు. అతను ఆమెకు ఏదైనా పాడటం అదే మొదలు. బెథియా కళ్ళు అతని ముఖం మీదే ఉన్నాయి. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఆర్చీ కంచం తీసి తన కంచం మీద పెట్టింది. లోరిమర్ గారిది దానిమీద. చేయి చాచి అవతలిది. ముళ్ళ చెంచాలన్నీ పైన ఒద్దికగా పేర్చింది. కంచాల దొంతర రెండు చేతులా పట్టుకుని, కుర్చీలోంచి లేవబోయింది.

పాట తడబడింది. మిసెస్ లోరిమర్ పక్కావిడ భుజం పొడిచి, "చెప్పలేదూ? అలవాటు ఎక్కడికి పోతుంది!" అని పకపకా నవ్వింది.

బెథియా కిందకు చూసింది. చేతుల్లో కంచాలు. మెడ దాకా ఎర్రబడింది. తలుపు తీసి ఆ దొంతర అందుకోవాలని నా చేయి ముందుకు పోయింది. కానీ అందుకుంటే ఆమె లేచినట్టే. అక్కడే ఆగాను.

ఆమె మళ్ళీ కూర్చుంది. ఈసారి అంచున కాదు, నిండుగా. దొంతర పక్కకు చాచి, నిలబడి ఉన్న లోరిమర్ గారితో, మేసన్లు ఒకరినొకరు పిలుచుకునే పిలుపుతోనే అంది:

"బ్రదర్ లోరిమర్, మీరెలాగూ లేచే ఉన్నారు. ఇవి కాస్త కింద మైసీకి ఇచ్చి రండి."

ఆ రోజు మాస్టరు భార్య మాటకు మాస్టరు కూడా ఎదురు చెప్పకూడదు. అది వాళ్ళు పెట్టుకున్న ఆచారమే. లోరిమర్ గారు భార్యను చూశారు, ఆర్చీని చూశారు, కంచాలందుకున్నారు. ఎవరో బల్ల మీద గ్లాసు కొట్టారు. ఇక హాలంతా కొట్టింది. నేను మెట్లు రెండేసి దూకి పొయ్యి ముందు నిలబడ్డాను, ఏమీ ఎరగనట్టు.

చివరి టోస్టయ్యాక బెథియా బూట్లు చేత్తో పట్టుకుని దిగింది. బొగ్గుపెట్టె మీద కూలబడి, నేను దాచిన డంప్లింగ్ ముక్క ఒళ్ళో పెట్టుకుంది.

"నడుం పడిపోయిందే తల్లీ. ఇంతసేపు ఎలా కూర్చుంటారో ఈ దొరసానులు!" అంది. నమిలి, "ఉప్పు సంగతి రేపు మాట్లాడతా. ఆ లోరిమర్ కంచాలు పగలగొట్టాడా?"

"లేదు. ఒకటి తుడిచాడు కూడా."

"ఎలా తుడిచాడు?"

"మధ్యలో మాత్రమే. అంచు వదిలేశాడు."

"మగాళ్ళు," అంది బెథియా. కాళ్ళు చాపుకుని, ఇంకో ముక్క ఉందా అని అడిగింది.