వాచీల బాబాయి కోట

గురువారం పొద్దున బడికి బయల్దేరుతూ చెప్పులు వేసుకుంటుంటే తెనాలి నుంచి ఫోన్ వచ్చింది. నంబరు బాబాయిది, గొంతు ఆయనది కాదు. "సార్, నేను ఆయన బావమరిదినండి. బావ ఇక లేడండి" అన్నాడు. "ఎవరి బావ?" అని అడిగాను. నిజంగానే అడిగాను. ఎనిమిదింటికి షాపు తీశాడట. కుర్చీలో కూర్చుని ఒక గోడ గడియారం వెనక మూత విప్పాడట. అంతే, అలాగే ముందుకి వాలిపోయాడట.

యాభై నాలుగేళ్ళ మనిషి. షుగర్ లేదు, బీపీ లేదు. మొన్నటిదాకా పక్కూరు అంగలకుదురు వెళ్ళి రావడానికి కూడా సైకిలే తొక్కేవాడు. ఒక చెప్పు కాలికుంది, ఒకటి గుమ్మంలో ఉంది, ఎంతసేపు అలా నిలబడ్డానో తెలీదు. తర్వాత ఒక పిచ్చి పని చేశాను. అదే నంబరుకి మళ్ళీ ఫోన్ చేశాను, ఈసారి ఆయనే ఎత్తుతాడేమోనని. బావమరిదే ఎత్తాడు. పాపం, విసుక్కోకుండా మొత్తం మళ్ళీ చెప్పాడు.

పిలుపుకి బాబాయే గానీ ఆయన నాకు చుట్టం కాదు. నేను లూథరన్ చర్చికి వెళ్ళే లెక్కల మాస్టార్ని, ఆయన తెనాలిలో వాచీలు బాగుచేసే సాయిబుగారు. రెండువేల ఒకటిలో, రేపల్లె బడిలో పనిచేసేటప్పుడు, ఆగిపోయిన వాచీ పట్టుకుని ఆయన షాపుకి వెళ్ళాను. బల్ల మీద విప్పిన గడియారాల పక్కన గోరంత గుర్రం, దాని మీద బల్లెం పట్టుకున్న రౌతు. "ఏంటండీ ఇది?" అన్నాను. కంటికి పెట్టుకున్న భూతద్దం తియ్యకుండానే "గుర్రపు దళమండి. ఇంకా పదకొండు చెయ్యాలి" అన్నాడు. ఆ రోజు రేపల్లె ప్యాసింజర్ నన్ను వదిలేసి వెళ్ళిపోయింది. నా వాచీ సంగతి ఇద్దరం మర్చిపోయాం.

మీలో చాలామందికి ఈ ఆట తెలిసుండదు. బల్ల మీద కొండలు, వాగులు, కోటలు పేర్చి, రెండు బొమ్మ సైన్యాలని ఎదురెదురుగా నిలబెట్టి, స్కేలుతో కొలిచి నడిపిస్తూ, పాచిక వేసి దెబ్బలు తేల్చుకునే యుద్ధం ఆట. దాని రూల్సు పుస్తకం ఆయనకి పాత కాగితాల బండి మీద దొరికింది. అట్ట లేదు, మధ్యలో నాలుగు పేజీలు లేవు. ఆయనకి ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆదివారాలు నేను చదివి తెలుగులో చెబుతుంటే పొడుగు నోటుబుక్కులో రాసుకునేవాడు. లేని పేజీల్లో ఏముందో దేవుడికెరుక, కాబట్టి ఆ రూల్సు మేమే పెట్టుకున్నాం.

సైన్యాలు కూడా మేం చేసుకున్నవే. పాడైన వాచీల పళ్ళచక్రాలు డాళ్ళయ్యాయి, విరిగిన ముళ్ళు బల్లేలయ్యాయి. ఒళ్ళు ఎం-సీల్ ముద్ద, రంగు ఆడవాళ్ళ గోళ్ళ రంగు. నా సైనికులు అగ్గిపుల్లల మీద చింతగింజలు అతికించినట్టుండేవాళ్ళు. వాటిని చూసి ఆయన పొట్ట పట్టుకుని నవ్వేవాడు. "అబ్బాయ్, నీ సైన్యం యుద్ధానికొచ్చిందా, ఆసుపత్రికొచ్చిందా?" అనేవాడు. నవ్వడమైపోయాక ఒక్కోదాన్ని పట్టకారుతో తీసి, మెడ సరిచేసి, నా వైపే నిలబెట్టేవాడు.

కొన్నేళ్ళకి నెట్ సెంటర్లో వెతికితే ఆ ఆటకి కొత్త ఎడిషన్లు వచ్చాయని తెలిసింది. రూల్సు సులువు చేశారు, రెడీమేడ్ బొమ్మలు అమ్ముతున్నారు. ఎగురుకుంటూ వెళ్ళి చెప్పాను. ఆయన ఒక కీ వాచీ తీసి నా చెవి దగ్గర పెట్టాడు. "కొత్తవొచ్చాయని ఇది నడవడం మానేసిందా? మన పుస్తకానికేం రోగం?" అన్నాడు. ఆయన పట్టింపు ఇంకోటుంది. గెలిచినవాడే బొమ్మలన్నీ డబ్బాలో సర్దాలి. "ఓడినోడికి ఏడుపు చాలు, మళ్ళీ చాకిరీ కూడానా?" అనేవాడు. ఆ లెక్కన నేను రేపల్లెలో ఉన్న ఆరేళ్ళూ ఎక్కువగా ఆయనే సర్దాడు.

తర్వాత నాకు బాపట్ల బదిలీ అయింది. ఒక వానాకాలం బండి జారి కాలు విరిగి మంచాన పడ్డాను. మూడో రోజే ఆయన అట్టపెట్టెతో దిగాడు. నా మంచం పక్క బల్ల మీద రెండు సైన్యాలూ, రెండు కోటలూ పేర్చాడు. తెనాలిలో ఆయనింట్లో ఇలాంటిదే ఇంకో బల్ల. ఇక్కడి ఎత్తు అక్కడా, అక్కడి ఎత్తు ఇక్కడా ఫోన్లో చెప్పుకుని కదపాలన్నమాట. మరి పాచిక ఎవరు వెయ్యాలి? దానికాయన ఒక రూలు పెట్టాడు. నా దాడికి పాచిక తెనాలిలో పడాలి, ఆయన దాడికి బాపట్లలో పడాలి. అంటే ఎవరి దెబ్బ ఎంతో ఎదుటివాడే వేసి, ఎదుటివాడే చెప్పాలి. "ఇదేం రూలు బాబాయ్?" అన్నాను. "శత్రువునే నమ్మలేకపోతే ఇంక వాడితో ఆటేంటి అబ్బాయ్?" అన్నాడు.

ఇప్పుడు రాయబోయేది రాయడానికి సిగ్గుగా ఉంది. ఒక సాయంత్రం ఆయన నా కోట గోడ మీద దాడి చెప్పాడు. మా ఆటలో ఆరు పడితే గోడ కూలినట్టు. పాచిక వేశాను, ఆరు పడింది. ఫోన్లో "మూడు" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు. ఆయన "అరెరె, తప్పించుకున్నావు పో" అని నవ్వాడు. ఆ నవ్వు విన్నాక కూడా నోరు తెరిచి నిజం చెప్పలేదు.

కట్టు విప్పాక కూడా ఫోన్ ఆట సాగింది. అప్పుడు నాకు ఆర్లు పడటం మొదలైంది. ఒక దాడికి ఆరు, తర్వాతి దాడికీ ఆరు. మూడోసారి "మళ్ళీ ఆరే అబ్బాయ్! నా ఉత్తరపు గోడ పాయె!" అని ఆయన అరవగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. దొంగకి అందరూ దొంగల్లాగే కనబడతారు కదా.

"నిజం చెప్పు బాబాయ్. కాలు విరిగినోడని జాలిపడి ఆర్లు చెప్తున్నావు కదూ?"

"పడింది పడినట్టే చెప్పాను."

"వరసగా మూడుసార్లా? లెక్కల మాస్టారికే లెక్కలు చెప్తావా? నీ దానం నాకక్కర్లేదు."

ఆయన గొంతు తగ్గించాడు. "అయితే ఈ ఆరు కొట్టేద్దాం. నువ్వు తెనాలి రా. నీ కళ్ళ ముందే వేద్దాం. అప్పటిదాకా గోడ పడనట్టే."

బాపట్ల నుంచి తెనాలి ఎంత దూరం? రైలెక్కితే గంటలో దిగొచ్చు. వెళ్తే నా దొంగ మూడు సంగతి చెప్పాలి. అందుకే ఇవ్వాళా రేపూ అని తొమ్మిది రోజులు సాగదీశాను. ఆదివారం తప్పకుండా వెళ్ళి, కాళ్ళు పట్టుకునైనా సరే చెప్పేద్దామని నిర్ణయించుకున్నాను. గురువారం ఫోన్ వచ్చింది.

ఆ రోజు నేను చేరేసరికే ఆయన్ని ఎత్తుతున్నారు. మోస్తున్నవాళ్ళలో ఎవరో పక్కకి జరిగి నాకు చోటిచ్చారు. బరువు భుజం మీద ఆనినప్పుడు కూడా నమ్మలేదు. ఏడుపు రాలేదు. ఈయనకేంటి, సాయంత్రం ఫోన్ చేసి తిడతాడు అనే అనిపించింది. ఇది రాస్తున్న ఈ పూటకీ అలాగే అనిపిస్తోంది.

మొన్న ఆదివారం ప్రార్థన అవగానే మళ్ళీ వెళ్ళాను. ఆయన తల్లి ఒక్కతే ముందు గదిలో కూర్చుని ఉంది. ఎనభై దాటాయి, రెండు కళ్ళకీ శుక్లాలు. గోడవారగా బల్ల, దాని మీద యుద్ధం ఆగిన చోటే ఉంది. ఉత్తరపు గోడ నిలబడే ఉంది.

"ఎవరదీ?"

"బాపట్ల నుంచి నానమ్మా. మాస్టార్ని."

"ఆర్లు పడే మాస్టారివా!" ఆమె ముఖం ఒక్క క్షణం వెలిగింది. "నా చేతికి నీకు భలే పడేవి నాయనా."

నాకు అర్థం కాలేదు. "మీ చేతికా?"

"నేనేగా వేసేది! మావాడు ముట్టుకునేవాడు కాదు. 'ఆ అబ్బాయి మంచాన పడ్డాడు, వాడు గెలిస్తే బాగుండని నా మనసు లాగుతంది అమ్మీ, నేనేస్తే తప్పు చెప్తానేమో. నువ్వేసి, ఎంతో నాకు చెప్పు' అనేవాడు."

పది రోజులుగా రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఉన్నదున్నట్టు ఆమెకి చెప్పేశాను. ఆయనకి ఆరు పడిందనీ, నేను మూడన్నాననీ, పైగా ఆయన్నే దొంగని చేశాననీ.

ఆమె తిట్టలేదు. ఓదార్చనూ లేదు. "ఆ మాట వాడితో అనాల్సింది నాయనా" అంది. బల్ల వైపు తల తిప్పి, "నువ్వొచ్చాక నీ ముందే వెయ్యాలన్నాడు. వెయ్యనా?" అంది.

వద్దనలేకపోయాను. దిండు కింద నుంచి పాచిక తీసింది. ఇత్తడిది, ఆయనే చేసింది. చుక్కలు ఉండాల్సిన చోట లోతుగా తొలిచిన గుంటలున్నాయి, చూపు ఆనని తల్లి వేలికి తగలాలని. ఆమె రెండు చేతుల్లో ఆడించి బల్ల మీద విసిరింది. అది దొర్లి కోట ముందు ఆగింది. నాకు కనబడుతూనే ఉంది. నేను నోరు మెదపలేదు. చెప్పాల్సింది ఆమె.

చెయ్యి చాపి వెతుక్కుంటూ పాచిక దొరకబుచ్చుకుంది. కదలకుండా రెండు వేళ్ళతో అదిమిపట్టి, పైముఖం మీద బొటనవేలు పెట్టింది.

"ఒకటి" అంది. "ఒక్కటే నాయనా."

అని ఊరుకోలేదు. నాకోసం ఇంకొక గుంట ఎక్కడైనా తగులుతుందేమోనని, ఆ బొటనవేలు అంచు నుంచి అంచుకి మెల్లగా మళ్ళీ తడుముతూనే ఉంది.