కాలి కింద గంట

తొంభైల చివర్లో శామీర్‌పేట నుంచి సికింద్రాబాద్ వెళ్లే బస్సులో, డ్రైవర్ వెనక సీట్లో నా పక్కన ఒక ముసలాయన కూర్చున్నాడు. బస్సుకు ఎవరు అడ్డొచ్చినా మడమతో నేలను టకటకా తొక్కేవాడు. నాకు చిరాకేసింది. తూంకుంట దగ్గర బస్సు ఒక గేదెను తప్పించి పక్కకు మళ్లగానే నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

“ఏమనుకోకు బిడ్డా. కలకత్తాల ట్రాం నడిపిన. కాలు కింద గంట ఉంటది. తొక్కితే మంది జరుగుతరు.”

“జరక్కపోతే?” అన్నాను నవ్వుతూ.

“ఒకాయన జరగలే. తొక్కుతనే ఉన్న. చెవుడంట, నాకేం తెల్సు.”

“కొంచెం పక్కకు తిప్పాల్సింది” అనేశాను.

“పట్టాల మీది బండి ఎటు తిప్పుత బిడ్డా?”

అల్వాల్‌లో దిగి, మా బస్సు ముందు నుంచే రోడ్డు దాటబోయి నడిమధ్యలో ఆగిపోయాడు. డ్రైవర్ హారన్ కొట్టాడు. ఆయన కదల్లేదు. మళ్లీ కొట్టాడు. చివరికి డ్రైవర్ విసుక్కుంటూ బస్సును ఆయన పక్కగా తిప్పి పోనిచ్చాడు.

హారన్ వినబడలేదో, బస్సు తిరగడం చూద్దామనే నిలబడ్డాడో, నాకు ఇప్పటికీ అర్థం కాదు.