సుభద్రమ్మ గారి టేపు రికార్డరు

మా చిన్నప్పుడు... డెబ్బైల్లో, కంకిపాడు దగ్గర మా నేతవాళ్ల వీధికి కారొచ్చిందంటే సుభద్రమ్మ గారిదే. పటమటలో పెద్ద మేడ. మహిళా మండలి ప్రెసిడెంటు. మా వీధికి కుళాయి వేయించింది ఆవిడే, బడికి రేకులు కప్పించింది ఆవిడే.

ఆ ఏడు ఆవిడకి ఇంకో ధ్యాస పట్టుకుంది... ఈ చుట్టుపక్కల పాత సంగతులన్నీ పోగు చెయ్యాలని. టేపు రికార్డరు ఒళ్లో పెట్టుకుని ముసలివాళ్ల ముందు కూర్చునేవారు.

మొదట చివరింటి వీరాస్వామి తాత చెప్పాడు. ఎనిమిదో రోజున పోయాడు.

మా వీధిలో ఎవరు పోయినా శవాన్ని ఎత్తేదాకా మగ్గాలన్నీ ఆపేస్తారు. పొద్దస్తమానం టకటకలాడే వీధి ఒక్కసారి మూగబోయేది.

తర్వాత రత్తమ్మ మామ్మ చెప్పింది. నెల తిరక్కుండా మళ్లీ మగ్గాలు ఆగాయి.

సుభద్రమ్మ గారు పరామర్శకొచ్చి, వీరాస్వామి తాత పెళ్లాం ముందు ఆ టేపు రికార్డరు పెట్టె మీట నొక్కారు. పోయిన తాత లోపల్నుంచి దగ్గాడు. "ఒసేయ్, కాసిని మంచినీళ్లియ్యి" అన్నాడు. ముసలామె చటుక్కున లేచి చెంబు కోసం వెళ్లింది...

పక్కింటి కోటమ్మత్త నా చెయ్యి పట్టుకుంది. "రేపు మీ అమ్మమ్మ వంతంట. చెప్పనీయకే. గొంతు పెట్టెలోకి పోతే మనిషిలో ఏం మిగులుద్ది?"

అమ్మా నాన్నా లేని నాకు అమ్మమ్మే దిక్కు.

మర్నాడు అమ్మమ్మ ఉతికిన చీర కట్టుకుని గడపలో కూర్చుంది. నేను ముందే వీధి మొగకి పోయి కారుకి అడ్డంగా నిలబడ్డాను.

"అమ్మమ్మకి ఇష్టం లేదంటండీ. మా ఇంటికి రావద్దందండీ."

ఆవిడ "అలాగేనమ్మా" అన్నారు. కారు వెనక్కి తిరిగింది.

దీపాలవేళ దాకా చూసి అమ్మమ్మ చీర మార్చేసుకుంది. "మనమేం గొప్పోళ్లమని వస్తార్లే" అంది.

తర్వాత పన్నెండేళ్లు బతికింది. పెద్దయ్యాక గానీ నాకు తట్టలేదు... సుభద్రమ్మ గారు బాగా ముసలివాళ్లతో మొదలెట్టారు, పోయే వయసు వాళ్లు పోయారు, అంతే. ఆ రోజు కారు వెనక్కి పంపింది నేనేనని అమ్మమ్మకి చెప్పే ధైర్యం నాకు రాలేదు.

మొన్న మా మనవరాలు, ఆ టేపులు ఎవరో ఇంటర్నెట్లో పెట్టారని ఫోనులో వినిపించింది. వీరాస్వామి తాత చెప్పడం అయిపోయింది. ఆపబోయే ముందు, దూరంగా ఒక ఆడగొంతు...

"నన్ను కూడా అడుగుతారా అమ్మగారూ? నాకూ చానా తెలుసండి."

"తప్పకుండా" అన్నారు సుభద్రమ్మ గారు.

ఆ గొంతు మా అమ్మమ్మది.

ఇప్పుడు అందరి చేతుల్లోనూ ఆ పెట్టె ఉంది, ఎవరికీ భయం లేదు... నాకే ఇంకా దడ. మీ ఇంట్లో పెద్దవాళ్ల గొంతు మీ దగ్గరుందా? ఏం చెప్పారో కింద రాయండి. నా దగ్గరున్నది ఆ రెండు ముక్కలే.