ఠాణా ముందు బుట్టలల్లిన రాధాబాయి

బోధన్ పట్టణం చివర, ఒకప్పుడు చెరకు బండ్లు ఆగే మైదానం పక్కన ఇరవై గుడిసెలున్నాయి. వాటిలో ఉండేది కైకాడి వాళ్లు. వాళ్ల తల్లిదండ్రులు చెరకు నరకడానికి మరాఠ్వాడా నుంచి వచ్చారు. చక్కెర ఫ్యాక్టరీ మూతపడి, చెరకు మళ్లన్నీ వరి మళ్లయ్యాక కూడా తిరిగి పోలేదు. పోవడానికి వెనక ఊరేమీ మిగల్లేదు. కులవృత్తి బుట్టలల్లడం. వెదురు దొరికే చోట ఎక్కడైనా బతకొచ్చని ఇక్కడే పాతుకుపోయారు.

ఆ గుడిసెల్లో రాధాబాయి అల్లే చాటలకు పేరుంది. బీడీలు చుట్టే ఆడవాళ్లు తునికాకు, తంబాకు వేసిన చాట ఒళ్లో పెట్టుకుని పొద్దంతా కూర్చుంటారు. చాట అంచు గరుకుగా ఉంటే మోకాళ్లు పుండ్లవుతాయి. రాధాబాయి చాట అలా గుచ్చుకోదు. అందుకే నిజామాబాద్‌లో బీడీల వాడలకు వారానికోసారి మూట నెత్తిన పెట్టుకుని వెళ్లేది. యాభై దాటిన మనిషి, సన్నగా, నల్లగా, చేతులనిండా పచ్చబొట్లు.

పట్టణంలో ఎవరింటి తాళం పగిలినా జీపు ముందు వచ్చేది ఈ గుడిసెలకే. ఇంగ్లీషోళ్ల కాలంలో చట్టం చేసి ఈ కులాన్ని పుట్టుదొంగల పట్టీలో రాశారు. ఆ చట్టం పోయి డెబ్భై ఏళ్లు దాటింది. పట్టీ పోయింది కానీ చూపు పోలేదు. జీపు చప్పుడు వినబడితే మగవాళ్లు వరి మళ్లలోకి పరుగెత్తేవాళ్లు. రాధాబాయి తండ్రి నర్సన్న ఒకసారి పరుగెత్తలేదు. ఊరికే పేరు రాసుకోడానికంటే నమ్మి తెల్లకాగితం మీద వేలిముద్ర వేశాడు. దానిమీద తర్వాత మేకల దొంగతనం రాశారు. ఎనిమిది నెలలు జైల్లో ఉండి వచ్చాక ఆయన ఎవరితోనూ కళ్లెత్తి మాట్లాడలేదు. అప్పటికి రాధాబాయికి పన్నెండేళ్లు.

మొన్న మాఘమాసంలో ఒక మంగళవారం పొద్దున ఆమె బోధన్ బస్టాండుకు వచ్చింది. అంతకు ముందురోజు బస్సులో ఒకావిడ మెడలో గొలుసు పోయిందని పోలీసులు సంచులు వెతుకుతున్నారు. భూమేష్ అనే కానిస్టేబులు ఆమెను ఆపాడు. నవీపేట్ వైపు రైతుబిడ్డ, ఉద్యోగంలో చేరి రెండేళ్లు కాలేదు.

"ఏయ్, ఆగు. మూట ఇప్పు."

"చాటలున్నయ్ సారూ. నిజామాబాద్ పోతున్న. బస్సు ఎల్లిపోతది."

ఆ మాటలో మరాఠీ యాస అతనికి తగిలింది. పచ్చబొట్లు చూశాడు. ఆమెకు ముందు నిలబడ్డ పట్టుచీర ఆవిడ సంచీని అతను ముట్టనైనా లేదు.

"ఏడోళ్లు మీరు?"

"బోధనే."

"బోధనా? మొకం సూస్తె తెల్వదా నాకు? ఇప్పు!"

రాధాబాయి వంగి ముడి విప్పింది. పైనే వెదురు చీరే కత్తి ఉంది. "జర ఆగుండ్రి, కత్తున్నది, తీసి పక్కకు పెడ్త" అంటూనే దాని పిడి పట్టుకుంది. భూమేష్‌కు ఆ మాట వినబడలేదు. కత్తి ఒక్కటే కనబడింది. రెండడుగులు వెనక్కి దుమికి లాఠీ ఎత్తాడు. దెబ్బ ఆమె కుడి మణికట్టు మీద పడింది. చాటలు దొర్లాయి. బస్సు ఎక్కుతున్నవాళ్లు ఒక్కసారి తిరిగి చూసి, తొందరగా ఎక్కేశారు.

ఠాణాలో ఎస్సై రాజేందర్ అడిగిన మొదటి మాట, "ఏం కులమే?"

"కైకాడి."

ఆయన భూమేష్ వైపు చూసి, ఇంకేం అడగాల్సిన పనిలేదన్నట్టు తలాడించాడు.

మధ్యాహ్నానికి గొలుసు పోయినావిడ వచ్చి చూసింది. "ఈమె కాదు సార్. ఈమె నాకెర్కే, మా అత్తకు చాటలిచ్చేటామె" అనేసింది. అయినా ఎస్సై వదల్లేదు. బల్లమీద ఒక తెల్లకాగితం, సిరా డబ్బీ పెట్టి, "వేలేసి పో" అన్నాడు.

రాధాబాయి ఎడమచేత్తో కాగితం తిప్పి చూసింది. రెండు పక్కలా ఏమీ రాసి లేదు.

"రాసినంక ఏస్త సారూ. రాయని కాగితానికి నేను వేలెయ్య."

"ఎయ్యకుంటె ఏం జేస్తవ్?"

"ఏం జెయ్య. ఇక్కడ్నే కూసుంట."

ఆయన అరిచాడు, బల్ల గుద్దాడు, తోలు తీస్తానన్నాడు. ఆమె కూర్చునే ఉంది. పొద్దు వాలుతుంటే విసుగొచ్చి పొమ్మన్నాడు.

"నా కత్తి?"

"అది ఆయుధం. ఈడనే ఉంటది."

"ఆయుధం కాదు సారూ, పనిముట్టు."

"నడువ్!"

సర్కారు దవాఖానాలో డాక్టరు చెయ్యి చూసి ఎముక చిట్లిందన్నాడు. పట్టీ వేస్తూ, ఎలా తగిలిందని అడిగాడు. జవాబుకు ఆగకుండా, 'కిందపడి' అని పైకి అనుకుంటూ చీటీలో రాయబోతుంటే రాధాబాయి ఆపింది. "పడలే సారూ. పోలీసాయన లాఠీతోని కొట్టిండు. గట్లనే రాయుండ్రి." డాక్టరు అట్లాగే రాశాడు.

మర్నాడు పొద్దున ఠాణా గేటుకు ఎదురుగా, రోడ్డు అవతల ఆమె చాప పరిచింది. వెదురు తెచ్చుకుంది. పక్క గుడిసె నుంచి కత్తి అడిగి తెచ్చుకుంది. గేటు దగ్గరి పోలీసు ఉరికొచ్చాడు.

"కత్తి పట్టుకొని ఠాణా ముంగట కూసుంటవా? ఎంత ధైర్యం నీకు?"

"నా పనే కత్తితోని అన్నా. దేనికో నువ్వే సూడు."

కుడిచేతికి పట్టీ ఉంది. వెదురును కాలి బొటనవేలితో తొక్కిపట్టి, ఎడమచేత్తో చీల్చింది. అలవాటు లేని చెయ్యి, బద్ద వంకరగా వచ్చింది. అది పక్కన పారేసి ఇంకోటి చీల్చింది. అతను ఆ బద్దల వైపు చూసి వెనక్కి పోయాడు.

దారినపోయేవాళ్లు ఆగి అడగడం మొదలుపెట్టారు. అడిగినవాళ్లందరికీ ఒకే మాట చెప్పింది, "నా కత్తి లోపటున్నది. ఇచ్చేదాక ఇక్కడ్నే పని చేసుకుంట." ఆటోవాళ్లు ఫోన్లలో ఫోటోలు తీశారు. అవి నిజామాబాద్ దాకా పోయాయి.

మూడో రోజు పుష్పలత బస్సు దిగింది. నిజామాబాద్‌లో బీడీలు చుట్టే మనిషి. ఇరవై ఏళ్లుగా రాధాబాయి దగ్గరే చాటలు కొంటోంది. ఒళ్లో చాట, తునికాకు పెట్టుకుని చాప మీద ఓ కొసన కూర్చుంది. నాలుగు బీడీలు చుట్టాక చాట పక్కన పెట్టింది.

"అక్కా, ఒక మాట చెప్పాలె. నువ్వచ్చి పోయినప్పుడల్లా మా అత్త గిన్నెలు లెక్కపెట్టుకుంటుండె. నేను చూసుకుంట నోర్మూసుకున్న. ఇయ్యాల సిగ్గయితున్నది."

రాధాబాయి తల ఎత్తలేదు. ఈ సంగతి ఆమెకు తెలియనిది కాదు.

"సిగ్గు తర్వాత పడుదువు గని, ముందుగాల ఆ బద్ద పట్టు చెల్లే. నాకు ఒక్క చెయ్యే ఉన్నది."

నాలుగో రోజు డ్యూటీ దిగిన భూమేష్ మామూలు బట్టల్లో రోడ్డు దాటి వచ్చాడు. పట్టీ వంక చూడకుండా నిలబడ్డాడు.

"అవ్వా, నిన్ను కొట్టాల్నని కొట్టలే. కత్తి చూసేసరికి భయమైంది. మీ అసొంటోళ్లు కత్తులతోని తిరుగుతరని మా సీనియర్లు చెప్పిన్రు."

రాధాబాయి పని ఆపింది.

"నా కత్తి చూసి నువ్వు ఒక్క నిమిషం భయపడ్డవు బిడ్డా. నీ లాఠీ చూసి నేను పుట్టినకాడికెళ్లి భయపడుతున్న. భయమైనోళ్లందరు కొట్టాల్నంటె, నేను ఎంతమందిని కొట్టాలె చెప్పు?"

భూమేష్ వచ్చిన దారినే రోడ్డు దాటి వెళ్లిపోయాడు.

ఆరో రోజు, ఆ ఫోటోలు చూసిన పై ఆఫీసరు నుంచి ఫోన్ వచ్చిందట. ఎస్సై ఆమెను లోపలికి పిలిపించాడు. పుష్పలత, ఆ రోజు తల్లితో వచ్చిన ఆమె బిడ్డ రుచిత కూడా వెంట వెళ్లారు. రుచిత డిగ్రీ చదువుతోంది. ఎస్సై కత్తిని బల్లమీదికి విసిరాడు.

"తీసుకొని నడువు. మళ్ల ఈడ కనబడొద్దు."

ఆమె కత్తి ముట్టలేదు. "ఎందుకు గుంజుకున్నరో, ఎప్పుడిచ్చిన్రో రాసియ్యుండ్రి."

"చదువస్తదా నీకు?"

"నాకు రాదు. చదివేటోళ్లను తోల్కచ్చుకున్న."

ఠాణాలో కాగితాలు రాసే రైటరు విసుక్కుంటూ రాసిచ్చాడు. రుచిత పైకి చదివింది. "అనుమానాస్పద స్త్రీ వద్ద దొరికిన ఆయుధమును..."

"ఆగు బిడ్డా. అనుమానాస్పద అంటె?"

"నీ మీద వీళ్లకు అనుమానమని, అవ్వా."

"కొట్టెయ్యుమను. బుట్టలల్లే మనిషి అని రాయుమను. ఆయుధం గూడ కొట్టెయ్యుమను, పనిముట్టు."

ఎస్సై గోడవైపు చూస్తూ, "రాయవయ్యా, పీడ పోతది" అన్నాడు. రైటరు కొట్టేసి పైన రాశాడు. రాధాబాయి మళ్లీ చదివించుకుని, అప్పుడు ఎడమచేతి బొటనవేలు సిరాలో ముంచి ముద్ర వేసింది. కత్తి తీసి పుష్పలతకు ఇచ్చింది.

అంతటితో పోతుందనుకున్నారు. ఆమె పట్టీ చేతిని బల్లమీద పెట్టి, డాక్టరు చీటీ, రుచిత రాసిన ఫిర్యాదు దాని పక్కన ఉంచింది.

"ఇది మిగిలింది సారూ. బస్టాండుల నన్ను కొట్టిన లెక్క."

"ఇది నేను తీసుకోను."

"తీసుకోనని రాసియ్యుండ్రి. ఇంకో ఆఫీసుకు పోత."

ఎస్సై ఫిర్యాదు అందినట్టు కాగితం మీద ముద్ర కొట్టించాడు.

విచారణ ఇంకా నడుస్తోంది. భూమేష్‌ను వేరే ఠాణాకు మార్చారు. కొట్టింది తానేనని అతను విచారణలో ఒప్పుకున్నాడని చెబుతారు, ఎస్సై మాత్రం ఆమె కత్తి ఎత్తిందనే రాయించాడు. రాధాబాయి మణికట్టు అతికింది గానీ బిగువు రాలేదు. వారానికి పన్నెండు చాటలు అల్లేది, ఇప్పుడు ఏడు దాటడం లేదు.

పోయిన నెల రాజీ చేసుకొమ్మని ఇద్దరు పెద్దమనుషులు గుడిసెకు వచ్చారు. పోలీసులతో పెట్టుకుంటే మీవాళ్లకే కష్టమని ఒకాయన మెత్తగా చెప్పాడు. రాధాబాయి వాళ్లకు పీటలు వేసింది. అల్లం దంచి చాయ్ కాచి, రెండు గ్లాసులు చేతికిచ్చింది.

"తాగుండ్రి" అంది. "తాగి పోండ్రి."