నౌస్ట్‌విక్ వాళ్ళ పడవ

గున్‌వోర్ ముసలమ్మకు కళ్ళతో చూస్తే చాలదు, చేత్తో తట్టి చూడాలి. అంగట్లో కాడ్ చేప మొప్పలెత్తి వాసన చూస్తుంది. పంటికింద చక్కెర బిళ్ళ పెట్టుకుని కాఫీ చప్పరిస్తూనే, రేవులో కట్టిన ప్రతి పడవనూ వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి వింటుంది. ఆమె నౌస్ట్‌విక్ వాళ్ళ ఆడపడుచు. ఆ తీరంలో పడవంటే నౌస్ట్‌విక్ వాళ్ళదే. అయితే ఆ ఇంటిపేరు మనిషిది కాదు, చోటుది. చోటు ఎవరు కొంటే పేరు వాళ్ళదవుతుంది. ఆమె తమ్ముడు పోయాక ఆ చోటూ, పడవలు చేసే కొట్టమూ కొన్న సిగ్‌బ్యోర్న్ కూడా అలాగే నౌస్ట్‌విక్ అయ్యాడు. అప్పటినుంచి ఆమె కన్ను అతని మీదే.

అతను చేసిన మొదటి పడవను నీళ్ళలోకి దించిన రోజు ఊరంతా రేవులోనే ఉంది. చేపలవాళ్ళు నవ్వుకుంటూ ఎక్కారు. ఒడ్డు వదిలేటప్పుడు పడవను పొద్దు నడిచే వైపే తిప్పాలని అక్కడి పట్టింపు. సిగ్‌బ్యోర్న్ తాడు లాగి ఎదురు తిప్పాడు.

"చూశావుటే! పొద్దుకి ఎదురు తిప్పాడు. వీడూ నౌస్ట్‌వికేనట!" అంది గున్‌వోర్.

"మీ తాత మాత్రం పుట్టుకతో నౌస్ట్‌వికా? కొండ అవతల మేకలు కాసుకునేవాడు, చోటు కొని పేరు తగిలించుకున్నాడు," అని నవ్వింది పక్కనున్న ఆస్‌లౌగ్.

"అందుకేనే నా అనుమానం!"

గున్‌వోర్ చక్కెర బిళ్ళ ఉమ్మేసి, మోకాలిలోతు నీళ్ళలోకి దిగి, పడవ అంచు పట్టుకుంది.

"ముందు దిగండర్రా! మా తాత చేసిన మొదటి పడవ ఎక్కినవాళ్ళు ఇప్పటికీ తిరిగిరాలేదు."